ఎర్ర పేరు

పగలూ రాత్రీ తూకం సరిపోయిన రోజు.
షికోకు కొండమీద, శ్మశానం మెట్ల పొడవునా
ఎర్ర లిల్లీలు,
ఆకుకీ పువ్వుకీ ఎన్నడూ చూపులు కలవనివి.

షిగెనో గరిటెతో నీళ్లు పోసి రాయి కడుగుతోంది.
మొగుడి పేరు. పక్కన
తను ముఖమైనా ఎరగని అతని మొదటి భార్య, కియోమి.
ఆ పక్కనే తనది:
బతికున్నన్నాళ్లూ ఎర్ర రంగులో ఉండే పేరు.

తెల్లారకముందే దంచిన అన్నం ముద్దలు, మూడు,
ఎర్రగింజల తీపి పూసినవి.
ఏటా ఆయనకి రెండు, ఆమెకి ఒకటి.
“సూర్యుడే ఇవాళ సమంగా పంచాడు, ఏమనుకోకు”
అని ఆయన వాటాలోంచి ఒకటి తీసింది.

వానలకి తన పేరులో రంగు వెలిసింది.
గోటితో గీకి చూసింది. ఇంకా అంటుతోంది.

మెట్టుమీద కూర్చుని ముద్ద కొరికింది, నింపాదిగా.
గోడమీది కాకికి ఓపిక పోతోంది.