తుప్పు పట్టేదే

"తుప్పు పట్టనిది గోడకు తగిలించుకో,
చేతికి మాత్రం తుప్పు పట్టేదే తెచ్చుకో" అన్నాడు
ఆదోనిలో కత్తెరలు సానబట్టే కాశింపీరా.

జపాన్ మాదిరి కత్తి. కార్బన్ ఉక్కు.
పిడి విప్పించి చూసినాడు:
ఉక్కు తోక లోపలిదాకా పోయిందా,
వెదురు చీల బిగువేనా.
"వదులు పిడి పగోనికన్నా చెడ్డది."

ఆదివారం, జిన్నింగు మిల్లు కూతకు ముందే
మిద్దె మీద
నానబెట్టిన ఈతచాప చుట్టి నిలబెట్టి నరుకుతాను.
పిట్టగోడ అవతల నుంచి సుంకులమ్మ:
"ఎవురి మీదికి నాయనా?"
చాప మీదికే, అత్తా.
నమ్మదు.
ఈ సీమలో కత్తికి
చాప అనే జవాబు ఇంకా కొత్తదే.

తర్వాత పాత పంచెగుడ్డ,
కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు,
వీపు వైపు నుంచి మొనదాకా ఒకే తుడుపు.
ఒరలో అంచు పైకి.
వేలు తగలనీయొద్దు, చెమటంతా ఉప్పే.

ఒక్కసారి ఏమరినాను.
మా చిన్నది తాకిందంట.
మూడోనాటికి ఉక్కు మీద ఎర్రగా తేలింది
గీతలతో సహా బుల్లి బొటనవేలు.

సానపొడి చేతిలో పట్టుకొని
చానాసేపు కూర్చున్నా.
కాశింపీరా చూస్తే తిడతాడు.

నూనె రాసినా,
దాని చుట్టూ.