ఇంకో తొవ్వ

రాత్రి పదింటికి, హన్మకొండల,
అన్నం గిన్నెలు తియ్యకముందే
టేబుల్ మీద రెండు తొవ్వలు పరిచిండు మా ఆయన.
ఒకటి నీలంగ, లావుగ:
కరీంనగర్, మంచిర్యాల, ఆసిఫాబాద్, చంద్రాపూర్.
తాడోబకు అందరు పోయేది.
ఇంకోటి బూడిదరంగుల, దారప్పోగంత సన్నగ,
పరకాల దిక్కు మళ్లి
భూపాలపల్లి, కాళేశ్వరం, గోదారి మీది వంతెన,
అవతల సిరోంచ.
ఫోన్ చెప్తనే ఉన్నది, రెండు గంటలు ఎక్కువని.

"ఫోనుకేం తెలుసు సార్,
అది ఎన్నడన్న టైరు మార్చిందా?"
గుమ్మం కాడ మొగిలి.
కిరాయి బండి, ఇరవై రెండేండ్ల స్టీరింగ్.
"పెద్దతొవ్వ మీద అన్ని లారీలే.
ఇటైతే నీడ."

నీడ అన్న మాటకు పడిపోయినం.
మే నెల మరి.

మూడింటికి బయలెల్లినం.
పరకాల దాటంగనే డిక్కీల మొదలైంది,
టక్.
గుంత వచ్చినప్పుడల్లా, టక్.
"యాక్సిలా, మొగిలీ?"
"కాదు మేడం."
"జాకీ ఊడిందా?"
"కాదు మేడం."
అద్దంల ఆయన కండ్లు
నన్ను తప్పించుకొని రోడ్డు మీదికి పోయినయి.

భూపాలపల్లి కాడ బొగ్గు లారీల వెనక
ముప్పావుగంట.
లారీలుండయన్నడు గద, అని నేననలేదు,
మా ఆయన అన్నడు.
తెల్లారింది. అడివి వచ్చింది.
మే నెలల టేకుకు ఆకు ఉండదని
మాకెందుకు యాదికి రాలేదో!
రెండు దిక్కుల ఒట్టి కట్టెలు నిలబడ్డట్టు చెట్లు,
నీడ అంటె
మా బండి కిందున్నంతే.

మహదేవ్‌పూర్ ఇంక రాకముందే
ఎవ్వరినడగకుండ మట్టి తొవ్వకు మలిపిండు.
రేకుల ఇల్లు. డిక్కీ తెరిచిండు.
గోనెసంచి విప్పితే
నల్లటి కుట్టుమిషన్ తలకాయ,
మీద సగం అరిగిన బంగారు పువ్వు.
"చెల్లెకు," అన్నడు నేల చూసుకుంట,
"బస్సోళ్లు రెండుసార్లు దించిన్రు మేడం."

మా ఆయన గడియారం చూసిండు.
ఫోన్ చూసిండు.
దానికి సిగ్నల్ లేదు.

రాత్రి పదకొండింటికే ఫోన్ వచ్చిందట కౌసల్యకు,
అన్న వస్తడని
ఇయ్యాల తునికాకుకు పోలేదట.
నిన్నటి ఆకు వాకిట్ల,
యాభైకొక్క కట్ట, దారం లేదు, నారతోని ముడి.
కోపం దాచుకొని చాయ తాగుతున్న నన్ను అడిగింది:
"పులిని చూడ పోతున్నరా?"
"అవును."
"కనబడకుంటె పైసలు వాపసిస్తరా?"
"ఇయ్యరు."
చాయ ఒలికేటంత నవ్వింది.

"మేమైతె పాడుకుంట పోతం అడివిలకు.
మేమొస్తున్నమని దానికి తెల్వాలె గద.
తెలిస్తె అదే పక్కకు జరుగుతది,
దానికి మనతోనేం పని?"

"ఏం పాట?" అన్నది నా బిడ్డ.
"ఏదైతేంది?
గొంతు వినబడాలె."

వంతెన కింద ఇసుక, ఇసుక నడుమ
ఎవరో మరిచిపోయినట్టు ఇంతన్ని నీళ్లు.
సిరోంచ అవతల గుంతలు ఇంకా పెద్దయి,
డిక్కీ మాత్రం సప్పుడు చెయ్యలే.
ఆ టక్ కోసం చెవులు పెట్టి కూసున్న,
నాకు నేనే నవ్వుకున్న.

పది నిమిషాలుందనంగ గేటు చేరినం,
బొమ్మలకు సున్నమేసినట్టు దుమ్ము.
మొగిలి సీటు వెనకకు వాల్చి
తువ్వాల మొఖం మీదేసుకున్నడు.
జీపెక్కినం. గైడు తన పెదవుల మీద వేలు పెట్టి
ఒక్కొక్కరి దిక్కు చూసిండు.

ఎండిన మడుగు దాటినం, ఇంకో మడుగు.
అందరం ఊపిరి బిగపట్టినం.
వెనక సీట్ల నా బిడ్డ
నోరు మూసుకునే ఉన్నది,
ముక్కులకెల్లి సన్నగ కూనిరాగం.

ఊకో, అనబోయి ఆగిన.

దానికి తెల్వాలె గద.