పీలేరు ముద్ర

మా పలమనేరు బీఎడ్ కాలేజీ లైబ్రరీ
రాత్రి పీలేరు నుంచి మినీలారీలో దిగింది.
దుమ్ము తుడిచి బీరువాల్లో పేర్చింది నేనే.
ల్యాబు తాళంచెవి దొరక్కపోతే
గొళ్లెం కోసిందీ నేనే.

రిజిస్టరులో పదహారు మంది లెక్చరర్లు,
స్టాఫ్ రూములో నలుగురు.
తక్కినోళ్లంతా తిరుమల కొండెక్కినారంట.

తనిఖీకి వచ్చినోళ్లకు తోతాపురి జ్యూస్ ఇచ్చినాము.
ఒక మేడం గ్లాసు ముట్టలేదు.
పుస్తకం తెరిచి లోపలి ముద్ర చూసింది,
తర్వాత నన్ను చూసింది.
"ఇక్కడ పాఠం విన్నావా ఎప్పుడైనా?"

పదకొండేళ్లుగా గంట కొడతా ఉండాను.
కొట్టినప్పుడల్లా
క్లాసుల్లోంచి లేచేది పావురాలే.

గుమ్మంలో కరస్పాండెంటు నిలబడుండాడు.
జూన్‌లో మా పాప బడికి
కొత్త టీచరమ్మ వస్తుందంట,
మా సర్టిఫికెట్టుతోనే.

"లేదు మేడం" అన్నా.
ఆమె పెన్ను మూత తీసింది.