ఆకు అడుగున

ఇయెరాపెత్రా ఊరవతల, సముద్రం దాకా
పరిచిన ప్లాస్టిక్ పందిళ్ళలో మాది పదకొండోది.
తలుపు తీసి టమాటా మొక్కను మోచేత్తో తాకితే చాలు,
ఆరిన పొయ్యిని ఊదినట్టు
తెల్లదోమ లేస్తుంది.
ఒక్క క్షణం.
మళ్ళీ తన చోటికే, ఆకు అడుక్కి.

"పైన తడిపి ఏం లాభం, వ్యోల్సా?
ముఖం కడిగితే మెడ మీది మట్టి పోతుందా?"
అంటుంది ఎరోఫీలి.
డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళు మొరాయిస్తే
పెట్టె బోర్లించి సాళ్ళ మధ్య కూర్చుంటుంది.
నేను నాజిల్ పైకి తిప్పి, నడుం వంచి
కింద నుంచి కొడతాను.
సగం ఆకుకు, సగం నా చొక్కా చేతుల్లోకి.

సబ్బు ఆమెదే.
ఆలివ్ గానుగ అడుగున మిగిలిన మడ్డి నూనె, సోడా,
కర్రతో తిప్పి తిప్పి, ముక్కలు కోసి
ఏడాది పాటు అటక మీద ఆరబెట్టింది.
"తొందరపడ్డ సబ్బు ఆకును కాలుస్తుంది."
తొందరపడ్డది సబ్బు కాదు, నేను.
నిరుడు జూన్‌లో, మిట్టమధ్యాహ్నం,
లీటరుకు రెండు చెంచాలన్న చోట గుప్పెడు కలిపి
మూడో సాలంతా కొట్టేశాను.
సాయంత్రానికి ఆకుల అంచులు
ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన బట్టలు.
ఆమె తిట్టలేదు. మాడిన ఆకొకటి తుంచి
నా జేబులో పెట్టింది.

బోరు నీళ్ళలో సబ్బు విరుగుతుంది,
పాచిన పాలలా తెట్టు కడుతుంది.
అందుకే చూరు కింద నీలం పీపాలు.
జనవరి వాన జూన్ దాకా మా బాకీ తీరుస్తుంది.

మనూసోస్ బతికున్న రోజుల్లో
షెడ్డు నిండా డబ్బాలు, డబ్బాల మీద పుర్రెలు.
మొదటి ఏడు దోమ జల్లుగా రాలిందట.
రెండో ఏడు సగమే.
మూడో ఏడు మందు కొడుతున్న అతని
భుజం మీదే వచ్చి వాలిందట.
ఆ షెడ్డుకిప్పుడు తాళం.
తాళంచెవి సంగతి నేనడగను.

సబ్బునీళ్ళకు తడి ఉన్నంతసేపే ప్రాణం.
ఆరిందా, ఒట్టి మెరుపు.
అందుకే తెల్లారకముందే వస్తాం,
ఆకు నిదానంగా ఆరేలా.
గుడ్లు మాత్రం లొంగవు.
వాటికి నూనె, పల్చని పొర,
ఊపిరాడని దుప్పటి.
అదీ ప్రతి మూలకూ అందదు.
ఐదు రోజులకు మళ్ళీ. ఆ పైన ఇంకో ఐదుకు.

లుష్న్యాలో మా అమ్మ బట్టలుతుకుతూ అనేది:
మురికి మొదటి ఉతుకులో నిజం చెప్పదు.

ఇవాళ పసుపు జిగురు అట్ట మీద లెక్కపెట్టాను.
నలభై ఒకటి.
కిందటి అట్టకు నూట పది.
ఎరోఫీలి కళ్ళద్దాలు కొంగు లేని గౌనుకే తుడుచుకుని
మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.
నలభై మూడు.
"ఆ రెండూ నీ చొక్కా మీద వచ్చినవే"
అని, పెట్టె మీంచి లేవడానికి
చెయ్యి చాచింది.
జారింది. సబ్బు చెయ్యి.
ఈసారి మణికట్టు పట్టుకున్నాను.