ఆలస్య రుసుము

సర్జాపుర రోడ్డు చివర, నీలగిరి తోపు కొట్టేసి కట్టిన బడిలో
నాది రెండో అంతస్తు.
పదకొండు వేల పుస్తకాలు, ఇరవై ఆరు దేశాల పిల్లలు.

చేరిన మొదటి ఏడు నిశ్శబ్దమే నా ఉద్యోగం అనుకున్నాను.
కొరియా పిల్లలదొక బల్ల, జపాన్ పిల్లలదొక బల్ల,
జర్మనీ కవలలు కిటికీ దగ్గర,
మనవాళ్ళు అందరికీ వీపు చూపించి ఫోన్లలో.
బల్లకీ బల్లకీ మధ్య మూడడుగులే.
ఆ మూడడుగులు దాటే వీసా ఎవరి దగ్గరా లేదు.

ఒకరోజు షియోరి, తొమ్మిదేళ్ళది,
మూడు వారాలు ఆలస్యంగా పుస్తకం తెచ్చి
చేతిలో చిల్లర లేక నిలబడిపోయింది.
కళ్ళు నిండుతున్నాయి. ఏం చెయ్యను?
డబ్బులొద్దులే,
మీ ఇంట్లో మాట్లాడే మాట ఒకటి ఇచ్చి పో అన్నాను.
చాలాసేపు ఆలోచించి తన పేరే ఇచ్చింది.
షియోరి అంటే
చదువుతూ చదువుతూ ఆపినచోట పేజీలో పెట్టుకునే గుర్తట.

రిజిస్టర్లో రుసుము గడిలో రాసుకున్నాను.
అంతే, ఆ నెల నుంచి బడంతా ఆలస్యమే.

హారం అని ఒక కొరియా పిల్లాడు,
పేరు పిలిచినప్పుడల్లా నాకు పూలకొట్టు గుర్తొస్తుంది,
నురుంజి ఇచ్చాడు: కుండ అడుగున మాడిన అన్నం.
ఒరే, మా మదనపల్లెలో దానికోసం
నేనూ మా తమ్ముడూ గరిటెలతో కొట్టుకునేవాళ్ళం అంటే
కవలలు కిటికీ వదిలి వచ్చారు,
మాడిన అన్నానికి ఎవరైనా కొట్టుకుంటారా అని.
మర్నాడు హారం వాళ్ళమ్మ డబ్బానిండా పంపింది.
తినకూడదన్న బోర్డు కిందే కూచుని తిన్నాం,
కరకరమని,
పక్కనున్న నిశ్శబ్దం బోర్డుకి వినపడేలా.

చౌడమ్మ గది ఊడ్చే మనిషి.
ఆమెకి కార్డు ఇవ్వకూడదు, రూలు.
నేనూ ఆలస్యం చేస్తే ఏం తీసుకుంటావమ్మా అంది కన్నడంలో,
తుడుపుకర్ర గోడకానించి.
నా కార్డు మీద పక్షుల బొమ్మల పుస్తకం ఇచ్చాను.
నెల దాటాక తెచ్చి, సోనె, అంది.
సన్నగా, విసుగన్నది లేకుండా పడే వాన.
రాత్రి పాత నిఘంటువు దులిపి చూద్దును కదా,
సోన. మనదీను.
ఎప్పుడు పారేసుకున్నామో.

మరి నీ మాటేది మిస్, అని పట్టుకున్నారు పిల్లలు.
పొద్దంతా ఇంగ్లీషు, బస్సులో కన్నడం,
తడుముకోగా తడుముకోగా నాలుక కింద బెంగ దొరికింది.
అర్థం చెప్పబోతే చేతకాలేదు.
ఇల్లు గుర్తురావడం అన్నాను. కాదు.
తన మనిషి ఊరెళితే కుక్కపిల్ల అన్నం మానేస్తుందే, అది.
ఒక్కోసారి జ్వరం కూడా వస్తుంది.
గది కాసేపు నిజంగానే నిశ్శబ్దమైంది.
అప్పుడు కవలల్లో చిన్నవాడు:
అందుకేనా మిస్, ఈ ఊరు బెంగళూరు?

అకౌంట్స్ శ్రీకంఠయ్య ఫోన్ చేశాడు.
రుసుము గడిలో అంకెలేవమ్మా,
ఈ వానలేంటి, ఈ మాడన్నం ఏంటి?
ఆడిట్ నాటికి నాలుగు వేల రెండు వందలు నేనే కట్టాను.
ఆ నెల నెయ్యి కొనలేదు.

జూన్‌లో కంపెనీలు మనుషుల్ని మారుస్తాయి.
ఇళ్ళకి ఇళ్ళు అట్టపెట్టెల్లోకి సర్దుకుంటాయి.
నేను కార్డులు రద్దు చేస్తూ కూచుంటాను,
మీట నొక్కితే చాలు, వేలే లేవదు.
షియోరి వెళ్ళి రెండేళ్ళు.
తిమింగలాల పుస్తకం దాంతోనే వెళ్ళింది.
ప్రతి సోమవారం కంప్యూటర్ అడుగుతుంది,
పోయినట్టు రాసుకోనా?
వద్దంటాను.
పోలేదది, ఆలస్యమైంది.

ఎస్తోనియా నుంచట, కొత్త పిల్ల ఒకతి
పది రోజులుగా అట్లాసుల బీరువా వెనకే కూచుంటోంది.
ఇవాళ చౌడమ్మ తుడుస్తూ తుడుస్తూ
దాని బూట్ల దగ్గర ఆగి
బెంగా? అని అడిగింది.

ఆ మాట దానికింకా ఎవరూ చెప్పలేదు.
తల ఊపింది.