బావి దాటినంక

రెండోది వచ్చిందిరా అని మల్సూర్ ఫోన్ జేసిండు.
ఏం రెండోదిరా అంటే
దీపం పోరడు, అన్నడు.
ఇరవయ్యారేండ్లయింది ఆ పేరు ఇని.
కాంట మీద పత్తి ట్రాక్టర్ ఉంది,
డ్రైవర్ హారన్ కొడుతున్నడు,
నేను అంకె రాస్కోకుంటనే నిలబడ్డ.

ఆ ఆట అసలు పేరేందో మాకు ఎన్నడూ ఎరుక లేదు.
క్యాసెట్టు మీది బొమ్మ సగం చినిగి ఉండె,
మిగిలిన సగంల ఒక చెయ్యి, చేతిల దీపం.
చండూరుల జహంగీర్ భాయ్ కొట్టు,
కుట్టుమిషన్ పక్కన రెండు టీవీలు,
అర్ధగంటకు రెండు రూపాయలు.
కరెంటు పోతే పైసలు వాపసియ్యడు,
కూసోండి, వస్తది అంటడు.
వచ్చేది.
మళ్ల మొదటికెళ్లి ఆడాలె.

అప్పటికే మల్సూర్ మోకాళ్లు వంగుతున్నయ్.
సైకిల్ డండి మీద కూసోబెట్టుకొని తీస్కపోయేటోణ్ని.
బడిల ఉరుకుడు పందెమంటే
వాడు మా చెప్పులకు కావలి.
కొట్ల మాత్రం వాని బొటనేళ్ల ముందర
చండూరు పోరగాండ్లెవ్వరూ ఆగకపోయేది.

మూడో దాంట్ల ఒక బావి ఉంటది.
పోరడు దిగుతడు, నీళ్లు తాగుతడు, అవుతలి ఒడ్డు ఎక్కుతడు.
ఎక్కంగనే ఆకుపచ్చ అయితడు.
నీలం అంగీ, మొఖం, చేతులు, చేతిల దీపం సుత.
ఎందుకో ఆట చెప్పలే.
మల్సూర్ చెప్పిండు:
మనూరి బోరింగు నీళ్లు తాగిండురా వాడు.
పడి పడి నవ్వినం.
జహంగీర్ భాయ్ నవ్వలే.
ఆ దినం మల్సూర్ రెండు రూపాయలు తీస్కోలే.

ఆకుపచ్చ అయినంక గూడ వాడు ముందటి లెక్కనే దూకుతుండె,
ఇంచు తగ్గకుంట.
మల్సూర్ అది పదే పదే చూసేది.

ఇగ ఈ రెండోది.
మీసేవ షట్టర్ సగం గుంజి, ప్రింటర్ పక్కకు జరిపి,
వాని బిడ్డ అక్షిత తీగలు కలిపింది.
ఉన్నదున్నట్టు చెప్పాలె, మస్తుగుంది.
వాన పడితే పోరని అంగీ తడిసి ఒంటికంటుతది.
దెబ్బ తాకితే చేతులున్నది వణుకుతది.
సచ్చిపోతే సచ్చిన కాడనే లేస్తడు,
మొదటికి పొయ్యే పని లేదు.
తొవ్వ తప్పకుంట మీద బాణం గుర్తు.
ఆ బాణమొక్కటే నాకు నచ్చలే.
తొవ్వ తప్పే కదా
మేం పాత దాంట్ల సగం జాగలు చూసింది.

మూడో దాంట్ల బావి వచ్చింది.
ఎంత మంచిగ గీసిండ్రో, నీళ్లల్ల చుక్కలు కనవడుతున్నయ్.
పోరడు దిగిండు, తాగిండు, ఎక్కిండు.
నీలంగనే ఉన్నడు.
మేమిద్దరం ఊపిరి బిగవట్టి చూస్తున్నం.
జర ఆగు, అయితడు, అన్న నేను.
కాలే.

అక్షిత ఫోన్ల పాతదాన్ని ఎతికి తీసింది.
ఎక్కడెక్కడోళ్లో ఆడిన మొదటి ఆట,
మా ఆటనే, అదే బావి.
ఎవ్వరిదీ ఆకుపచ్చ కాలే.
నాయినా, మీ క్యాసెట్టే ఖరాబు కావచ్చు,
దొంగ కాపీ అయి ఉంటది, అన్నది.

చానా సేపు ప్రింటర్ లైటు ఒక్కటే ఆరుకుంట వెలుగుకుంట.
నాకైతే కడుపుల ఏదో తీసేసినట్టయింది.
ఇన్నొద్దులు దేన్ని యాదికి తెచ్చుకున్నట్టు?
మల్సూర్ మాత్రం చిన్నగ నవ్వి
అయితే గీ రెండోది మనదానికి కాదురా, అన్నడు,
మనదానికి రెండోది ఇంక రాలే.

ఇండ్ల రంగు మార్చుకోవచ్చు నాయినా అని
అక్షిత ఏదో ఒత్తింది.
మొదటి మెట్టు మీదనే పోరడు ఆకుపచ్చగ నిలబడ్డడు.
అట్ల కాదు బిడ్డా, అన్నడు మల్సూర్,
నీలం చెయ్యి.
బావి దాక నీలంగ పోనియ్యి.

ఇగ మళ్ల మొదటికెళ్లి.
బావి కాడ ఆట ఆపి, రంగు మార్చి, ఒడ్డెక్కిచ్చిండు.
వాడు దూకిండు.
మల్సూర్ కుర్సీల ముందటికి వంగిండు.
నేను లేచి షట్టర్ కిందికంట గుంజిన,
ఆధార్ పని కోసం ఎవరో తలుపు కొడుతున్నరు.