పది నుంచి పన్నెండు దాకా

ఇజ్మీర్‌లో, కర్షియాకా రేవుకు రెండు వీధుల వెనక,
గుండీల కొట్టు మీది అంతస్తులో
ఆడవాళ్లకు మాత్రమే అని రాసిన తలుపు.
తలుపు పక్కన బల్ల. బల్ల వెనక నేను.
నా తల మీద గోడకి కాయితం, నా చేతిరాతే:
పది నుంచి పన్నెండు దాకా
యాభై నిండినవాళ్లకే.

ఎందుకు రాశానో నాకు తెలుసు.
పోయిన చలికాలం ముజెయ్యెన్ గారు
పెద్ద బంతి మీంచి జారిపడితే
ఓ పిల్ల ఫోన్లో తీసింది. పదకొండు సెకన్లు.
డెబ్బై ఒక్కేళ్ల మనిషి, ముందు తనే నవ్వింది.
ఆ తర్వాత మూడు వారాలు రాలేదు.
వచ్చిన రోజు అద్దాల వైపు పోకుండా
బట్టలు మార్చుకునే గదిలోనే
చేతులు నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడించి
ఇంటికి వెళ్లిపోయింది.
ఆ సాయంత్రమే కాయితం అంటించాను.
న్యాయమంతా నా వేళ్ల మధ్యే ఉందనిపించింది,
స్కెచ్ పెన్ను వాసనతో సహా.

ఇప్పుడు పదయ్యేసరికి పాట సగానికి తగ్గిస్తాను.
ఊపిర్లు వినబడతాయి. మోకాళ్లు గొణుగుతాయి.
ఒకరి ఆపరేషన్ మచ్చ చూసి ఇంకొకరు
ఏ ఆస్పత్రి, ఎంతయింది అంటారు
గుడ్డ ఏ కొట్లో కొన్నావన్నట్టు.

మంగళవారం నజిఫె వచ్చింది,
రొట్టెల బట్టీలో రాత్రంతా పిండి పిసికి,
కనుబొమల్లో ఇంకా తెల్లటి పొడి.
కార్డు చూశాను. నలభై ఎనిమిది.
"పుట్టింది జనవరి ఒకటినట" అంది, తనే నమ్మనట్టు.
"మా కొండల్లో మంచు కరిగితేనే దారి.
మా నాన్న నన్ను రాయించే నాటికి
నేను మేకల వెంట పరుగెత్తుతున్నాను.
యాభై ఒకటి. యాభై రెండేమో.
మంచును పిలిచి సాక్ష్యం చెప్పించనా?"
రెండు గంటలకు రమ్మన్నాను.
"రెండింటికి నేను నిద్రపోతాను చెల్లీ."
గొంతు పెంచలేదు. మెట్లు దిగుతుంటే
మడమ నొప్పి ఒక్కో మెట్టుకీ వినబడింది.

బూట్ల తాడు కట్టుకుంటున్న గులిజార్
ముడి వేయడం మానేసింది.
"నా కార్డులో ఎంతుంది?"
యాభై ఒకటి.
"అది మా అక్కది.
తట్టు వచ్చి పోయింది, నేను పుట్టిన నెలలోనే.
మళ్లీ పట్నం దాకా ఎందుకని
అక్క కార్డు నాకే ఇచ్చాడు నాన్న, పేరుతో సహా.
నాకు నలభై ఏడే.
పైనున్న నాలుగేళ్లూ అక్క బతికినవి.
అక్కకి ఉన్నవే ఆ నాలుగు."

నేను కాయితం వైపు చూడలేకపోయాను.
కిందటి వారం ఇక్కడినుంచే తిప్పి పంపిన
బెర్ఫిన్ గుర్తొచ్చింది. పందొమ్మిదేళ్లు, భారీ మనిషి,
సాయంత్రం ఆరింటి సన్నటి పిల్లల మధ్య
అద్దం ముందు నిలబడలేనంది.
సిగ్గుకి వయసెంతో
ఏ కార్డు మీద చూడాలి?

ముజెయ్యెన్ గారు సైకిలు ఆపకుండానే అన్నారు:
"నన్ను చూసి నవ్వింది ఆ పిల్ల వయసు కాదమ్మా,
చేతిలో ఉన్న ఫోను."
అని కాస్త తొక్కి, మళ్లీ,
"అయినా ఆ కాయితం చూస్తే
నాకు నిద్ర పడుతోంది. అబద్ధమెందుకు."

యజమానురాలు ఇంకా ఏమీ తేల్చలేదు.
కాయితం అలాగే ఉంది, ఒక మూల ఊడి.
బల్ల మీద మాత్రం బుట్ట పెట్టాను.
ఫోన్లు అందులో వేసి లోపలికి వెళ్లాలి.
బెర్ఫిన్ వచ్చింది. ముజెయ్యెన్ గారు
మర్యాదగా పలకరించి, సైకిలు దిగి
కిటికీ పక్కదానికి మారారు.
నజిఫె రాలేదు.
బట్టీకి మనిషిని పంపాను, మళ్లీ పంపుతాను.

ఇవాళ గులిజార్ ఫోనుతో పాటు
కార్డు కూడా బుట్టలో పెట్టింది.
"గంటసేపు ఇక్కడ ఉండనీ అక్కని" అంది.
"పరుగెత్తాలి."